సబ్హా ఉమ్మేసిన పాలు

సబ్హాకు రోత పుట్టించని వస్తువు లోకంలో తక్కువ. పట్నం నుంచి డబ్బాల్లో వచ్చే పాలపొడి అంటే ఆమెకు రోత. టీలో చక్కెర దిమ్మరించి పానకం చేసేవాళ్ళంటే రోత. నోటితో అదిలిస్తే కదిలే మేక మీదికి రాయి విసిరే మగవాళ్ళంటే రోత. మాట ఇచ్చి మూతి తుడుచుకునేవాళ్ళంటే మరీ రోత. ఆమె ఒక మనిషిని చూసి మొహం చిట్లించిందంటే ఆ మనిషి ఏదో చేసే ఉంటాడని సీనాయి కొండల్లోని జబాలియా తెగ గుడారాలన్నిటా ఒక నమ్మకం. యాభై ఎనిమిదేళ్ళలో ఆ నమ్మకం తప్పిన సందర్భాలు లేకపోలేదు గాని, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇన్ని రోతలున్న మనిషి ప్రాణం పెట్టుకున్నది మాత్రం ఒక కంపు మొక్క మీద. దాని పేరు బేతరాన్. జానెడున్నర ఎత్తు, బూడిద రంగు, చొక్కా గుండీలంత పసుపు పూలు. చామంతి ఇంట పుట్టింది గాని చామంతి అందం దానికి అబ్బలేదు. మన మాచిపత్రికి దాయాది అనుకోవచ్చు. ఆకు నలిపితే కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. చేదు సంగతి ఇక చెప్పనక్కర్లేదు. కడుపునొప్పికి అదే, పిల్లల కడుపులో పురుగులకు అదే, బాలింతకు అదే, చలికాలం టీలో నాలుగు ఆకులూ అవే. సబ్హా పుట్టినప్పుడు తల్లికి రెండు రోజులు పాలు పడలేదట. అందుకని ఆ పిల్ల నాలుకకు మొదట తగిలింది బేతరాన్ నీళ్ళు. నా నోరు అందుకే ఇంత చేదు అని సబ్హా తనే చెప్పుకునేది.

ఆరేళ్ళకు మేకల వెంట పడింది. పదహారుకు హమ్దాన్‌ను కట్టుకుంది. ఒంటెల మీద యాత్రికులను కొండ ఎక్కించే హమ్దాన్ మంచివాడే, పాపం, మాటలే తక్కువ. ముగ్గురు కూతుళ్ళకు పెళ్ళిళ్ళు చేసి, ఒక చలికాలం దగ్గుతో పోయాడు. అప్పటి నుంచి సబ్హాకు మిగిలినవి పంతొమ్మిది మేకలు, ఒక నల్ల గుడారం, మెడలో వేలాడే తోలు సంచి. ఆ సంచిలో ఎండబెట్టిన బేతరాన్ ఎప్పుడూ ఉండేది. అర్ధరోజు నడిచి వచ్చి మరీ అడిగేవాళ్ళు. ఇచ్చేది, ఇస్తూ తిట్టేది.

"నిన్న పెళ్ళిలో కొవ్వు ఎంత మింగావురా?"

"రెండు ముక్కలే అత్తా."

"రెండు ముక్కలు తిన్నవాడు ఇలా వంగడు. ఇదిగో, మరిగించి తాగు. చక్కెర వేశావో, ఇంకెప్పుడూ నా గుడారం తొక్కకు."

మొక్కను ముట్టుకోవడానికి ఆమెకు తల్లి నేర్పిన పద్ధతి ఒకటే: తల గిల్లు, కాళ్ళు తాకకు. పూలు ఎండి గింజ రాలాకే కోత. ఒక దుబ్బు నుంచి రెండు రెమ్మలు, అంతకు మించి వద్దు. వేర్లతో సహా పెరికిన మొక్కను ఎవరి చేతిలోనైనా చూస్తే మొహం చిట్లించేది. "తల్లిని పీకి పాలు తాగే బతుకు," అనేది.

ఈ పద్ధతి ఆమె ఒక్కదానిది కాదు. ప్రతి వసంతంలో పెద్దలు కూర్చుని ఒక లోయను మూసేవారు. మూయడానికి తలుపుండదు, తాళముండదు. లోయ నోటి దగ్గర నాలుగు తెల్ల రాళ్ళు పెడతారు. గింజ రాలి గాలికి ఎగిరేదాకా ఏ మేకా ఆ రాళ్ళు దాటకూడదు. ఒక మనిషి లేచి "ఈ లోయకు నా ముఖం పూచీ" అంటాడు. అంతే, ఇక దానికి కాపలా అతని ముఖమే. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలని మనవాళ్ళు అడుగుతారు. అక్కడ కంచె కూడా లేదు, ఉన్నది మాట ఒక్కటే.

ఆ ఏడు మూసింది రుజైమ్ లోయను. ముఖం పూచీ పెట్టినవాడు ముసల్లం, హమ్దాన్‌కు పినతండ్రి కొడుకు, అంటే సబ్హాకు మరిది. నిండైన గడ్డం, నిండైన మాట. పెళ్ళిళ్ళలో పెద్ద పళ్ళెం ముందు కూర్చోబెట్టే రకం. సబ్హాకు అతని మీద ప్రత్యేకంగా రోత ఏమీ లేదు. ఆ తప్పుకు తర్వాత ఆమె తనను తాను క్షమించుకోలేదు.

వాన రాక అది మూడో ఏడు. మామూలు ఏళ్ళలో మేకలు బేతరాన్‌ను వాసన చూసి, తుమ్మి, పక్కకు పోయేవి. మూడో ఏడు కరువులో అదే పెళ్ళి భోజనం. రుజైమ్ లోయ అడుగున ఇంకా కాస్త తడి ఉంది, అక్కడ మొక్కలు పూతకు వచ్చాయి. మిగతా కొండలన్నీ గొరిగిన తలలు. సబ్హా తెల్లవారి లేచి కర్రతో తుమ్మకాయలు రాల్చి మేకలకు వేసేది. తుమ్మకాయలు అయిపోయాక అట్టపెట్టెలు తడిపి చించి వేసింది. పిల్లలు ముందు పోయాయి, ఒకటి తర్వాత ఒకటి. పంతొమ్మిది పదమూడయ్యాయి. ఉన్న పదమూడూ వట్టిపోయాయి. బొల్లి మేక పక్కటెముకలు దూరం నుంచి లెక్కపెట్టొచ్చు.

మేకలను తోలుకుపోయే దారి రుజైమ్ లోయ పక్కనుంచే. గాలి అటు నుంచి వీస్తే బేతరాన్ వాసన వచ్చేది. మేకలు ఆగి, మెడలు చాచి, ఆ తెల్ల రాళ్ళ వైపు అరిచేవి. సబ్హా కొమ్ములు పట్టుకుని ఒక్కొక్కదాన్నీ ఈడ్చుకొచ్చేది. "గింజ రాలనీయండే. ఇరవై రోజులు ఓర్చుకోండి. మీరు ఇప్పుడు మేస్తే వచ్చే ఏడు మీ పిల్లలు రాళ్ళు నాకాలి," అని వాటికి న్యాయం చెప్పేది. మేకలకు న్యాయం ఎక్కదు. బొల్లి మేక ఆ రాళ్ళ దగ్గరే ఒక రోజు కూలబడింది, మళ్ళీ లేవలేదు. పన్నెండు మిగిలాయి.

బొల్లి మేకను పూడ్చిన మర్నాడు పొద్దున్నే ఔదా వచ్చాడు. పెద్దమనిషి హాజీ సువైలిం కొడుకు, నలభై దాటినవాడు, ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క పికప్ బండి అతనిదే.

"అత్తా, ముసల్లం గుడారంలో పెద్దలు కూర్చున్నారు. నిన్ను రమ్మన్నారు."

"ఎవరికి కడుపునొప్పి?"

"కడుపునొప్పి కాదు." ఔదా బండి తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "రుజైమ్ లోయలో మేకలు మేశాయంట. లోపల ఎర్ర ఊలు ముక్క దొరికిందంట. నీ మేకల మెడల్లో కట్టే ఊలు."

"నువ్వు నమ్మావా?"

"నేను బండి తోలేవాణ్ణి అత్తా. నమ్మడం, నమ్మకపోవడం నాన్న పని."

"మంచి పని దొరికింది మీ నాన్నకు," అని ఆమె బండి ఎక్కింది.

నేరం రుజువైతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. గింజ రాలాక అందరి మేకలూ లోయలోకి పోతాయి, ఆమెవి పోవు. ఏళ్ళ తరబడి ఆ లోయ ఆమెకు మూతే. పన్నెండు మేకలూ ఎండాకాలం దాటవు. ఇక ఆమె చేతి బేతరాన్ ఎవరూ పుచ్చుకోరు, దొంగ చేతి మందు కడుపులో నిలవదని అక్కడ నమ్మకం.

ముసల్లం గుడారంలో తొమ్మిది మంది పెద్దలు చుట్టూ కూర్చుని ఉన్నారు. మధ్యలో నిప్పు. తెర అవతల ఆడవాళ్ళ గుసగుసలు. వయసు మళ్ళిన ఆడది గనుక సబ్హా తెర ఇవతలే కూర్చుంది. ఔదా బండి చక్రం చూసుకుంటానని బయటే ఉండిపోయాడు. నిప్పు పక్కన ఎర్ర ఊలు ముక్క ఒక రాయి మీద పెట్టి ఉంది. చూడగానే తనదేనని ఆమె గుర్తుపట్టింది. ఆ రంగు అద్దింది ఆమె చేతులే.

"ముందు పాలు, తర్వాత మాట," అన్నాడు ముసల్లం. పెద్దలు ఇంటికి వస్తే ఇంట్లో ఉన్నదాంట్లో మేలైనది పెట్టాలి. పాలుండగా ఉత్త టీ పోసినవాణ్ణి పిసినారి అని ఏడు లోయల్లో చెప్పుకుంటారు, ఆ పేరు మనవళ్ళ దాకా పోతుంది. దొంగ అన్న పేరుకైనా ఓర్చుకుంటారేమో గాని పిసినారి అన్న పేరుకు ఆ కొండల్లో ఎవడూ ఓర్చుకోలేడు. ముసల్లం భార్య నయ్మా పెద్ద చెక్క గిన్నెతో వచ్చింది. నురగ కట్టిన పాలు. గిన్నె చేతులు మారింది. తొమ్మిది మీసాలూ తెల్లబడ్డాయి. చివరికి సబ్హా చేతికొచ్చింది.

తాగనంటే పగతో వచ్చినట్టు లెక్క, ఆమె ప్రమాణం చెల్లదు. ఆమె ఒక పుక్కిలి నోట్లో పోసుకుంది.

వెచ్చగా, చిక్కగా, తియ్యగా ఉన్నాయి. మింగబోయేలోపు ఆ తీపి వెనకనుంచి చేదు వచ్చింది. ముక్కులోకి ఘాటు ఎక్కింది. పుట్టిన రోజున నాలుకకు తగిలిన రుచి అది, ఆమె పోల్చుకోలేకపోవడం జరగని పని. మేక ఏం మేస్తే పాలు ఆ వాసనే కొడతాయని అక్కడ చంటిపిల్లలకూ తెలుసు. ఒకటి రెండు రెమ్మలు కొరికితే ఇంత వాసన రాదు. రోజులతరబడి, కడుపు నిండా, పూత మీదున్న బేతరాన్ మేసిన మేకల పాలు అవి.

సబ్హా తల ఎత్తి చుట్టూ చూసింది. తొమ్మిది మందీ కింద పరిచిన చాప నేతను లెక్కపెడుతున్నట్టు కూర్చున్నారు. హాజీ సువైలిం మీసం తుడుచుకుంటూ దగ్గాడు. వీళ్ళంతా పుట్టినప్పటి నుంచి ఆ ఆకు టీ తాగుతున్నవాళ్ళే. ఒక్కడికి తెలియకపోతే జలుబనుకోవచ్చు, తొమ్మిది మందికీ జలుబు చెయ్యదు. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిని ఆమె చూసింది గాని, తొమ్మిది పిల్లులు ఒకే గిన్నెలో తాగడం అదే చూడటం.

అయినా మింగలేదు, ఉమ్మలేదు. మింగితే ఆ ఇంటి ఉప్పు తిన్నట్టు. మూడు రోజులూ మరో పూటా ఆ ఇంటివాడి మీద నోరెత్తకూడదు. ఈలోపు తీర్పు అయిపోతుంది. ఉమ్మితే ఆతిథ్యం మీద ఉమ్మినట్టు, ఆ మచ్చ చచ్చినా పోదు. బుగ్గలు ఉబ్బించుకుని కూర్చుంది.

"చెప్పు ఒదినా," అన్నాడు ముసల్లం నెమ్మదిగా. "ఈ ఊలు నీదా, కాదా?"

నోటి నిండా పాలు. ఏం చెబుతుంది?

"అడిగినదానికి జవాబు లేదు, చూశారుగా," అన్నాడు ముసల్లం పెద్దల వైపు తిరిగి. "విధవరాలు, కరువు. మనమేం రాళ్ళ మనుషులం కాదు. ఒప్పుకుంటే ఈ ఒక్క ఏడే మూద్దాం. నా వంతు నేను క్షమించేశాను."

ఆ క్షమించడమే ఆమె ఓర్చుకోలేకపోయింది. లేచి నిలబడి, నిప్పు మీద ఉమ్మింది. బొగ్గులు సుయ్‌మన్నాయి. మాడిన పాల కంపు, దాని మీద బేతరాన్ వాసన గుడారమంతా కమ్మేశాయి.

"నా ఇంట్లో, నా పాల మీద ఉమ్మింది," అన్నాడు ముసల్లం.

"ఊలు నాదే," అంది సబ్హా మూతి తుడుచుకుంటూ. "చలికాలంలో నీ పెళ్ళాం వచ్చి ఒక ఉండ పట్టుకెళ్ళింది. దాని సంగతి తర్వాత. నా మేకల పొదుగు పిండితే నీళ్ళు కూడా రావడం లేదు. ఇక్కడున్న తొమ్మిది మంది ఇళ్ళల్లోనూ అంతే, అన్నీ వట్టిపోయాయి. పదిమందికి సరిపడా పాలు నీ మేకలకెక్కడివి ముసల్లం?"

"బార్లీ కొని వేశాను."

"బార్లీకి ఈ కంపు ఎప్పటి నుంచి వచ్చింది?"

సబ్హా హాజీ సువైలిం వైపు తిరిగింది. "మావా, మీరు చెప్పండి. గిన్నెలో ఏం రుచి తగిలింది?"

ముసలాయన జపం చేసుకునే తస్బీ పూసలు నాలుగు జరిపాడు. "తాగేశానమ్మా. ఆ ఇంటి ఉప్పు కడుపులో పడింది. ఇప్పుడు నేనేమీ అనకూడదు."

"మీరు?"

"నేనూ తాగేశాను."

"మీరు?"

మూడోవాడు చేతులు చూపించాడు. నాలుగోవాడు, "మూడు రోజులు పోనీ సబ్హా, అప్పుడు ఆలోచిద్దాం," అన్నాడు.

"మూడు రోజులకు నోరు కడుక్కుంటారు, కడుపు కడుక్కుంటారు. ఇక ఏం గుర్తుంటుంది మీకు? మొదటి గుటకకే తెలిసింది కదా. రెండో గుటక ఎందుకు తాగారు?" సబ్హా గొంతు పెద్దది చెయ్యలేదు. "నాకు వీడి మీద కంటే మీ మీద ఎక్కువ అసహ్యంగా ఉంది. వీడు మేకలను మేపాడు. మీరు తెలిసి తాగారు."

అప్పుడు బయటి నుంచి ఔదా తల లోపలికి పెట్టాడు. "నాన్నా, నేను తాగలేదు. బండి దగ్గరే ఉన్నాను."

ఎవరూ వద్దనలేకపోయారు. ఔదా లోయకు పోయి మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు. లోయ మలుపు దాకా బేతరాన్ అంతా మోడులే అన్నాడు. మలుపు వెనక ముళ్ళ కంపతో దొడ్డి కట్టి ఉంది, దాన్నిండా మేక పెంటికలు. దొడ్డి నుంచి అడుగుజాడలు కొండ వెనకనుంచి ఈ గుడారానికే వచ్చాయి. ఆ కొండల్లో ఎవరి అడుగు ఎవరిదో పసివాళ్ళు కూడా చెబుతారు. పెద్దలు ఉప్పు తిన్నారు, అందుకని విన్నారు, అంతే.

సాక్ష్యం ఉప్పు తిననివాడిది గనుక తీర్పు చెప్పొచ్చన్నారు, ఆ తీర్పు చిత్రంగా ఉంది. ముసల్లం ముఖం ఇక ఏ లోయకూ పూచీ కాదు. అతను ఒక మేకను కోసి పెద్దలకు విందు పెట్టాలి. సబ్హా మీద నేరం లేదు, కాని ఆతిథ్యం మీద ఉమ్మింది గనుక ముసల్లం గుడారం గుంజకు తెల్లగుడ్డ కట్టి అతని పరువు నిలబెట్టాలి. లోయ పాడయింది గనుక మళ్ళీ మొక్క లేచి గింజ పట్టేదాకా, అంటే వచ్చే ఏటి దాకా, అందరికీ మూత.

"అందరికీ అంటే నా మేకలకు కూడానా?" అంది సబ్హా.

"అందరికీ అంటే అందరికీనమ్మా. కట్టుబాటు కదా," అన్నాడు హాజీ సువైలిం.

మేసిన మేకలు బలిశాయి. మెయ్యని మేకలు చావాలి. మేసినవాటిలో ఒకదాన్ని కోస్తే ఆ బేతరాన్ మాంసాన్ని మళ్ళీ ఈ తొమ్మిది మందే తింటారు. సబ్హాకు నవ్వు వచ్చింది, అది నవ్వులా లేదు. "తెల్లగుడ్డ నా దగ్గర లేదు మావా. ఇతని పాలు తెల్లగానే ఉన్నాయి, వాటినే ఆరేసుకోమనండి," అని చెప్పులు తొడుక్కుంది. ఔదా బండిలో దింపుతానంటే వద్దంది. వెనక కత్తి నూరే చప్పుడు, ఎవరో పొయ్యి ఎగదొయ్యమనే కేక వినిపిస్తుండగా నడిచి ఇంటికి పోయింది.

మర్నాడు గుడారం విప్పి, పన్నెండు మేకలనూ కొండ దించి, రెండో అల్లుడి చోటుకు తోలుకుపోయింది. దారిలో అయిదు పోయాయి. మిగిలిన ఏడూ తుమ్మనీడల్లో ఎండాకాలం దాటాయి. చలి మొదలయ్యాక తిరిగి వచ్చి పాతచోటే గుడారం వేసుకుంది. తెల్లగుడ్డ సంగతి ఎవరూ ఎత్తలేదు. ముసల్లం పెళ్ళిళ్ళలో చిన్న పళ్ళెం ముందు కూర్చుంటున్నాడని విన్నది. అదీ కొన్నాళ్ళే, మళ్ళీ పెద్ద పళ్ళెం ముందుకు జరుగుతాడని ఆమెకు తెలుసు.

ఒక సాయంత్రం నయ్మా మనవడిని ఎత్తుకుని వచ్చింది. పిల్లాడు కాళ్ళు కడుపుకేసి ముడుచుకుని ఏడుస్తున్నాడు. నయ్మా గుడారం బయటే నిలబడింది.

"అక్కా, నిన్నటి నుంచి ఇదే వరస. ఎవరి దగ్గరా ఆకు లేదు. లోయలో కూడా..." అని ఆగిపోయింది.

"లోయలో ఎందుకు లేదో నీకు తెలియదూ? ఇంటికి పోయి మీ మేకలను పిండి పట్టవే. ఉన్నదంతా వాటి కడుపులోనే ఉంది."

నయ్మా కళ్ళనీళ్ళు పెట్టుకుంది గాని కదలలేదు. కొంగు ముడి విప్పి ఎర్ర ఊలు ఉండ తీసి కింద పెట్టింది. "నన్ను తెమ్మన్నది ఆయనే. ఎందుకో నాకు చెప్పలేదక్కా."

"లోయలో ఊలు దొరికిందన్న రోజున తెర అవతల నువ్వు లేవూ? అప్పుడు తెలిసింది కదా. నువ్వూ ఆ పాలు తాగావా?"

నయ్మా పిల్లాణ్ణి ముందుకు చాచింది.

పిల్లాడు మళ్ళీ ముడుచుకున్నాడు. సబ్హా మెడలోని తోలు సంచి విప్పి బోర్లించింది. రెండేళ్ళ కిందటి ఆకు, పొడి పొడి, ఒక్క పిడికెడు. అదే ఆఖరు. మరిగించి, చల్లార్చి, పిల్లాడి పెదవుల మధ్య చుక్క చుక్కగా పోసింది. వాడు మొహం వికారంగా పెట్టి ఉమ్మేశాడు. "ఉమ్ము నాయనా, ఉమ్మడం మంచి అలవాటే," అని మళ్ళీ పోసింది. కాసేపటికి కాళ్ళు చాపి నిద్రపోయాడు.

"ఊలు నువ్వే ఉంచుకో," అంది సబ్హా, నయ్మా లేవబోతుంటే. "మీ మేకల మెడల్లో కట్టు. ఈసారి లోయలో దొరికితే ఎవరివో తెలియాలి."

వాళ్ళు పోయాక వేళ్ళకు ఆ ఘాటు పట్టి ఉంది. యాభై ఎనిమిదేళ్ళు ఆ వాసన వస్తే ఆమెకు తల్లి గుర్తొచ్చేది. ఇప్పుడు నురగ అంటిన తొమ్మిది మీసాలు గుర్తొచ్చాయి. మొక్క చేసిన తప్పేమీ లేదని తెలుసు, అయినా ఇసుక తీసుకుని వేళ్ళు రుద్దుకుంది, చర్మం ఎర్రబడేదాకా. వాసన పోలేదు.

మర్నాడు ఔదా ఆమెకు బార్లీ మూట ఒకటి దింపడానికి వచ్చి, ఇచ్చిన టీ ఒక గుక్క తాగి ఆగాడు.

"ఇదేంటత్తా, ఆకు వెయ్యలేదు. చక్కెర పానకంలా ఉంది."

"తాగు. ఆ వాసన ఇక నాకు పడటం లేదు," అంది సబ్హా. తనూ గ్లాసు ఎత్తి, కళ్ళు మూసుకోకుండా, ఆ పానకం తాగింది.